రొయ్య మీద పన్ను వేసిన ఆ "అమెరికావాడు" ఎవరు?



2025 ఆగస్టు నెలాఖరున భీమవరం అవతల మా బావమరిది చెరువు గట్టు మీద ఉన్నాను. పట్టుబడికి వల వాళ్లు వచ్చి కూర్చున్నారు, ఐసు బండి కూడా వచ్చేసింది. ఏజెంటు మాత్రం చెవి దగ్గర నుంచి ఫోను తియ్యట్లేదు. చివరికి మెల్లగా వచ్చి, "నిన్న చెప్పిన రేటు ఇవ్వలేనండి, అమెరికావాడు పన్ను వేశాడు" అన్నాడు. అతన్నీ అనడానికి లేదు, అతనికి పైనుంచి ఎంత చెబితే అంతే. మా బావమరిది వల వాళ్లని వెనక్కి పంపలేడు. ఇంకో పది రోజులు మేత వెయ్యడానికి అప్పు పుట్టదు. ఆ రేటుకే ఇచ్చేశాడు.

తిరిగి రాజమండ్రి వస్తూ దారంతా ఒకటే ఆలోచన. ఈ "అమెరికావాడు" అంటే ఎవరు? మన చెరువు గట్టు మీద రేటు తగ్గించిన మనిషి ఎక్కడో ఒక కుర్చీలో కూర్చుని ఉండాలి కదా. ట్రంప్ ఒక్కడేనా? ఇన్నాళ్లూ చదివింది, తెలిసినవాళ్లని అడిగి తెలుసుకున్నది ఇవాళ మీ ముందు పెడుతున్నాను. కాస్త పొడుగు పోస్టు, తీరిక చూసుకుని చదవండి. చివర్లో నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి.

ముందు లెక్క చూడండి. 2025 ఆగస్టు 27 నుంచి అప్పట్లో మన సరుకు మీద పడ్డ 50 శాతం ట్రంప్ వేసిందే. పేపర్లలో మాత్రం రొయ్యకి మొత్తం 58 శాతం దాకా అని రాశారు. ఆ మిగతాది ఎక్కడిది? ఆ 50 కింద అప్పటికే ఇంకో రెండు పాత పన్నులు ఉన్నాయండి. ఒకటి యాంటీ డంపింగ్ పన్ను, రెండోది కౌంటర్‌వెయిలింగ్ పన్ను. అప్పటి ఆ 50 శాతం ఒక మనిషి సంతకంతో వచ్చింది, అలా వచ్చింది ఇంకో సంతకంతో తగ్గనూ తగ్గుతుంది. ఆ పాత రెండూ అలా ఊడిపోయేవి కావు. ఎందుకంటే అవి కొంతమంది సంఘం పెట్టుకుని, చందాలు వేసుకుని, లాయర్లని పెట్టి అడిగి తెచ్చుకున్నవి.

అలా అడిగేవాళ్లనే అమెరికాలో ఇంట్రెస్ట్ గ్రూపులు అంటారు. మన కాలేజీ పుస్తకాల్లో ప్రభావ వర్గాలు అని రాస్తారు. ఎన్నికల్లో నిలబడరు, జెండా ఉండదు. గెలిచింది ఎవరైనా సరే, తమ పని చేయించుకోవడమే వాళ్ల పని. వీటిలో చాలా రకాలున్నాయి. ఆ రకాలన్నీ మన రొయ్య చుట్టూనే కనిపిస్తాయి, చూడండి.

పండించేవాళ్ల సంఘం

అమెరికా దక్షిణం వైపు సముద్ర తీరం పొడుగునా పడవల మీద రొయ్య పట్టి బతికేవాళ్లున్నారు. మన కాకినాడ, అంతర్వేది బోటు వాళ్లలాంటి వాళ్లే అనుకోండి. 2000 తర్వాత ఆసియా దేశాల చెరువు రొయ్య వరదలా వచ్చి పడేసరికి వాళ్ల రేటు పడిపోయింది. డీజిల్ ఖర్చు కూడా రాని పరిస్థితి. టెక్సాస్ నుంచి నార్త్ కరోలినా దాకా 8 రాష్ట్రాల వాళ్లు కలిసి 2002లో సదరన్ ష్రింప్ అలయెన్స్ అని ఒక సంఘం పెట్టుకున్నారు.

వాళ్లు రోడ్డెక్కలేదు, రైలు ఆపలేదు. 2003 డిసెంబరు 31న, అదీ ఏడాది ఆఖరి రోజున, వాళ్ల వాణిజ్య శాఖ ముందు ఒక పిటిషను పడింది. ఇండియా, చైనా, వియత్నాం, థాయ్‌లాండ్, ఈక్వడార్, బ్రెజిల్, ఈ 6 దేశాలూ ఉండాల్సిన ధర కంటే తక్కువకి రొయ్య అమ్ముతూ మమ్మల్ని ముంచుతున్నాయి అని. అక్కడ పద్ధతి ఏమిటంటే, తక్కువకి అమ్ముతున్నారా లేదా అన్నది వాణిజ్య శాఖ లెక్క కడుతుంది. దానివల్ల అక్కడివాళ్లకి నష్టం జరిగిందా అన్నది ఇంకో కమిషన్ తేలుస్తుంది. రెండూ అవునంటే పన్ను పడుతుంది. 2005 ఫిబ్రవరిలో పడింది. మన దేశంలో విడిగా లెక్క కట్టని కంపెనీలన్నిటికీ అప్పుడు 10.17 శాతం. తర్వాత ఏటేటా రివ్యూల్లో మారుతూ, తగ్గుతూ, పెరుగుతూ వస్తోంది. ఐదేళ్లకోసారి "ఉంచాలా, తీసెయ్యాలా" అని కూడా చూస్తారు. ప్రతిసారీ ఆ సంఘం లాయర్లు వచ్చి కూర్చుంటారు. అందుకే 20 ఏళ్లు దాటినా ఆ పన్ను పోలేదు.

ఇంకో విచిత్రం వినండి. 2000లో సెనేటర్ బైర్డ్ పేరు మీద వాళ్లు ఒక చట్టం చేసుకున్నారు. ఇలా వసూలైన పన్ను ఖజానాకి కాకుండా, కేసుకి మద్దతు ఇచ్చినవాళ్లకే పంచెయ్యాలని. అంటే మన రొయ్య మీద కట్టించిన డబ్బు అక్కడి రొయ్య వాళ్ల జేబులోకి! ప్రపంచ వాణిజ్య సంస్థ తప్పు పట్టాక 2006లో ఆ చట్టం రద్దు చేశారు. అయినా 2007 అక్టోబరు దాకా వచ్చిన సరుకు మీది డబ్బు వాళ్లకే వెళ్లేలా గడువు పెట్టుకున్నారు. రద్దయ్యే చట్టంలో కూడా తమ వాటా దక్కించుకోవడం అంటే అదీ.

ప్లాంట్ల వాళ్ల సంఘం

రొయ్య తలతీసి, ఒలిచి, గడ్డకట్టించి అమ్మే ప్లాంట్ల వాళ్లకి అక్కడ అమెరికన్ ష్రింప్ ప్రాసెసర్స్ అసోసియేషన్ అని వేరే సంఘం ఉంది. 2023 అక్టోబరులో వీళ్లు ఇంకో పిటిషను వేశారు. ఈసారి వాదన వేరు: ఇండియా లాంటి దేశాలు ఎగుమతిదారులకి ప్రోత్సాహకాలు ఇస్తున్నాయి, దాన్ని కొట్టెయ్యడానికి పన్ను వెయ్యాలి అని. 2024 చివర్లో మన దేశంలో ఎక్కువ కంపెనీలకి 5.77 శాతం తేల్చారు. పాత పన్నుకి ఇది తోడైంది.

ఒక్కటి గమనించండి. అక్కడ పడవ వాళ్ల సంఘం వేరు, ప్లాంటు వాళ్ల సంఘం వేరు. రేటు దగ్గర వాళ్లిద్దరికీ పేచీలుంటాయి. బయటి సరుకు దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ ఒకటే మాట.

కొనేవాళ్ల సంఘం

అమెరికావాళ్లు తినే రొయ్యలో నూటికి 90 పాళ్లకు పైగా బయటి దేశాలదే. మరి దాన్ని దిగుమతి చేసేవాళ్లు, హోటళ్లకి అమ్మేవాళ్లు ఊరుకుంటారా? ఊరుకోలేదు. 2004లో అమెరికన్ సీఫుడ్ డిస్ట్రిబ్యూటర్స్ అసోసియేషన్ వాళ్లు ఆ కేసు మీద గట్టిగా పోరాడారు. పన్ను వేస్తే హోటల్లో రొయ్య ధర పెరుగుతుంది, మా దగ్గర పనిచేసేవాళ్ల ఉద్యోగాలు పోతాయి అన్నారు.

వాళ్లు వాదించింది మన గురించే, మన కోసం మాత్రం కాదు. వాళ్ల లాభం మన లాభం ఆ రోజుకి ఒకే దారిలో ఉన్నాయి, అంతే. రేపు ఈక్వడార్ సరుకు చవగ్గా దొరికితే అదే సంఘం మనవైపు తిరిగి చూడదు. తప్పేం కాదు, అది వాళ్ల పని. ఆ తేడా తెలిసి ఉండాల్సింది మనం.

ఏ వ్యాపారమూ లేనివాళ్ల సంఘం

ఇది నాకు బాగా ఆశ్చర్యం వేసిన రకం. కాలిఫోర్నియాలో ఎర్త్ ఐలాండ్ ఇన్‌స్టిట్యూట్ అని ఒక పర్యావరణ సంస్థ ఉంది. వాళ్లకి పడవ లేదు, చెరువు లేదు, రొయ్య అమ్మకం లేదు. వాళ్ల బాధ అల్లా సముద్రపు తాబేళ్ల గురించి. ట్రాల్ వలల్లో రొయ్యలతో పాటు తాబేళ్లు పడి చచ్చిపోతున్నాయి. తాబేలు తప్పించుకుపోయే ఏర్పాటు వలకి లేని దేశాల నుంచి సముద్రపు రొయ్య కొనకూడదని అమెరికాలో 1989లో చట్టం వచ్చింది. ప్రభుత్వం దాన్ని కొన్ని దేశాలకే పరిమితం చేస్తే, ఈ సంస్థ కోర్టుకెళ్లింది. 1995 డిసెంబరులో తీర్పొచ్చింది, 1996 మే 1 నుంచి ప్రపంచమంతటికీ వర్తించాలని.

ఇండియా, పాకిస్తాన్, మలేషియా, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకి ఫిర్యాదు చేశాయి. 1998లో తీర్పు: తాబేళ్లని కాపాడాలన్న ఉద్దేశం సరైనదే, అమలు చేసిన తీరులో దేశాల మధ్య వివక్ష ఉంది, సరిచేసుకోండి అని. కథ అక్కడితో అయిపోలేదు. మన సముద్రపు రొయ్యని 2019 నుంచి అమెరికా మళ్లీ తీసుకోవడం లేదు. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ ఇసకలో గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేలుకి, అమెరికాలో ఒక ఆఫీసుకి, మన బోటు వాళ్ల వలకి మధ్య ఉన్న దారం ఇది.

ఇలాంటి సంఘాలు మన దేశంలో లేవా? ఉన్నాయి, మన మీదే గెలిచాయి. తమిళనాడు గాంధేయవాది జగన్నాథన్ గారు రొయ్యల చెరువుల మీద వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువులకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. తాగునీటి బావులు ఉప్పబడ్డాయి, పక్కన వరి చేలు చౌడు తేలాయి అన్నది వాళ్ల వాదన. పూర్తిగా అబద్ధమని గుండె మీద చెయ్యేసుకుని మనం చెప్పగలమా? ఆ తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రిజిస్ట్రేషను పెట్టి చెరువుల్ని నిలబెట్టింది. అప్పుడు చట్టం కోసం ఢిల్లీ వెళ్లి మాట్లాడినవాళ్లలో చెరువు గట్టు మీద నిలబడే చిన్న రైతులు ఎంతమంది ఉండి ఉంటారో మీరే ఊహించుకోండి.

మిగతా రకాలు

ఇవి గబగబా చెప్పేస్తాను. కార్మిక సంఘాలు ఉన్నాయి. అక్కడి రెండు పెద్ద సమాఖ్యలు 1955లో కలిసి ఏఎఫ్‌ఎల్-సిఐఓ అయ్యాయి. వృత్తి సంఘాలు ఉన్నాయి, డాక్టర్లది 1847 నుంచీ ఉంది. కంపెనీలన్నిటి తరఫున మాట్లాడే యూఎస్ చాంబర్ ఆఫ్ కామర్స్ 1912లో పుట్టింది. 50 ఏళ్లు దాటినవాళ్లకి ఏఏఆర్‌పీ అని 1958లో పెట్టారు, పింఛను జోలికెళ్లాలంటే ఏ నాయకుడికైనా దాని భయమే. నల్లజాతి వాళ్ల హక్కుల కోసం 1909లో ఎన్‌ఏఏసీపీ పుట్టింది. తుపాకుల కోసం ఒక్క విషయం మీదే నిలబడే ఎన్‌ఆర్‌ఏ 1871 నాటిది. చివరికి రాష్ట్రాలు, నగరాలు, పరాయి దేశాలు కూడా వాషింగ్టన్‌లో లాబీ చేసేవాళ్లని పెట్టుకుంటాయి. మన ప్రభుత్వం కూడా పెట్టుకుంటుంది. పరాయి దేశం తరఫున పనిచేసేవాడు ఆ సంగతి బయటపెట్టాలని 1938 నుంచే వాళ్లకి చట్టం ఉంది.

అక్కడి రైతులు ఏం చేశారు?

మనకి అసలు కావలసింది ఇది. 1860ల్లో అమెరికా రైతు పరిస్థితి మన పరిస్థితే. గోధుమ పండించేది తను, ధర చెప్పేది రైలు కంపెనీ, గోదాము వాడు. వేరే రైలు లేదు, వేరే గోదాము లేదు. 1867లో గ్రేంజ్ అని ఒక సంఘం మొదలైంది. మొదట్లో అది ఊళ్లో కూర్చుని మాట్లాడుకోవడానికి, కలిసి సరుకులు కొనుక్కోవడానికి. మెల్లగా రాష్ట్రాల మీద ఒత్తిడి తెచ్చి గోదాము కిరాయికి, రైలు కిరాయికి హద్దు పెడుతూ చట్టాలు చేయించింది. గోదాముల వాళ్లు సుప్రీంకోర్టుకెళ్లారు. 1877లో, ప్రజలందరూ ఆధారపడే వ్యాపారం మీద ప్రభుత్వం హద్దు పెట్టొచ్చు అని కోర్టు రైతుల వైపు చెప్పింది.

1919లో ఫార్మ్ బ్యూరో అనే జాతీయ సంఘం వచ్చింది. 1922లో క్యాపర్-వోల్‌స్టెడ్ చట్టం సాధించుకున్నారు. వ్యాపారులు కుమ్మక్కై ధర పెట్టడం అక్కడ నేరం. రైతులు కలిసి సహకార సంఘంగా అమ్ముకుంటే మాత్రం ఆ నేరం కిందికి రాదని ఆ చట్టం చెప్పింది. మన చెరువు గట్టు మీద ఎవరు ఎవరితో కుమ్మక్కవుతారో, ఎవరు ఒంటరిగా నిలబడతారో తలుచుకుంటే ఆ చట్టం విలువ తెలుస్తుంది.

ఇంకో ముచ్చట మన రాజమండ్రికి దగ్గరిది. 1947లో ఇక్కడ పొగాకు పరిశోధన కేంద్రం పెట్టారు, మీకు తెలుసు. మనం పండించే ఆ వర్జీనియా పొగాకు పేరే అమెరికా రాష్ట్రం పేరు. అక్కడ సిగరెట్ కంపెనీలు 1958లో టొబాకో ఇన్‌స్టిట్యూట్ అని పెట్టుకుని, పొగకి రోగానికి సంబంధం తేలలేదని దశాబ్దాల పాటు వాదించాయి. 1998లో రాష్ట్రాలతో రాజీ కుదిరినప్పుడు దాన్ని మూసెయ్యాల్సి వచ్చింది. కంపెనీల సంగతి అలా తేలింది, మరి పొగాకు రైతు? వాళ్లకి వేరే సంఘాలున్నాయి. 2004లో పాత కోటా పద్ధతి ఎత్తేసేటప్పుడు, కోటా పోయినందుకు రైతులకి సుమారు వెయ్యి కోట్ల డాలర్లు పదేళ్లలో ఇచ్చేలా, అది కూడా కంపెనీల దగ్గర వసూలు చేసి ఇచ్చేలా చట్టం చేయించుకున్నారు. పండించేవాడు కొనేవాడి నీడలో నిలబడకుండా తన సంఘం తను పెట్టుకుంటే జరిగేది అదండి.

అంతా గొప్పగా ఉందని కాదు. వాషింగ్టన్‌లో లాబీ పని మీద ఏడాదికి 400 కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతోంది. డబ్బున్నవాడి గొంతే పెద్దగా వినిపిస్తుంది. కాకపోతే ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో 1995 చట్టం ప్రకారం కాగితం మీద చూపించాలి. మన దేశంలో లాబీ చెయ్యడం లేదని కాదు, చూపించమనే చట్టం లేదు. వాళ్ల రాజ్యాంగం రాసినప్పుడే, 1787లో, జేమ్స్ మాడిసన్ అనే ఆయన ఈ సంగతి రాశాడు. స్వేచ్ఛ ఉన్నచోట ఇలాంటి వర్గాలు పుట్టక మానవు, వాటిని చంపాలంటే స్వేచ్ఛనే చంపాలి, అందుకని ఎక్కువ వర్గాలు ఉండి ఒకదాన్ని ఒకటి ఆపేలా చూసుకోవాలి అన్నది ఆయన ఆలోచన. ఒకవైపు కుర్చీ ఖాళీగా ఉంటే మాత్రం ఆ తూకం పనిచెయ్యదు.

మనకి చరిత్ర లేదా?

ఉందండి, మనం మరిచిపోయాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా పచ్చబడింది. పచ్చబడిన చోటికి శిస్తు కూడా వస్తుంది. 1920ల చివర్లో మద్రాసు ప్రభుత్వం రీసెటిల్‌మెంట్ పేరుతో గోదావరి, కృష్ణా జిల్లాల్లో శిస్తు రూపాయికి 3 అణాలు, అంటే నూటికి 18¾ పెంచుతానంది. అదే సమయానికి ప్రపంచమంతా ధాన్యం ధర కుప్పకూలింది. 1928లో పుట్టిన ఆంధ్ర రైతు సంఘం వాళ్లు ఊరూరా సభలు పెట్టారు. ఎకరానికి ఖర్చెంత, రాబడి ఎంత అని లెక్కలు రాసి పెట్టారు. ధరల పతనం, రైతుల ఒత్తిడి రెండూ కలిసి ప్రభుత్వం రెమిషన్లు ఇవ్వక తప్పలేదు.

ఆ సంఘంలో ముందు నిలబడిన ఎన్.జి. రంగా గారు నిడుబ్రోలు రైతు బిడ్డ, ఆక్స్‌ఫర్డులో ఆర్థికశాస్త్రం చదివొచ్చిన మనిషి. నిడుబ్రోలులో రైతులకి రాజకీయ పాఠశాల పెట్టారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు కార్యదర్శి ఆయనే. 1937-38లో జమీందారీ రైతుల కోసం ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన యాత్ర జరిగింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. అదే రోజుల్లో రైతు సంఘం పక్కనే వ్యవసాయ కూలీ సంఘం కూడా పుట్టింది, సుందరయ్య గారి లాంటివాళ్లు దాన్ని నడిపారు. శిస్తు దగ్గర రైతూ కూలీ ఒకటి, కూలి రేటు దగ్గర వేరు. ఆ సంఘమూ న్యాయమైనదే.

ఇక మన కళ్ల ముందు జరిగింది 2011 క్రాప్ హాలిడే. 2008 నుంచి బియ్యం ఎగుమతి నిషేధం, గోదాములు నిండిపోయి మిల్లర్లు కొనరు, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతాయి, మద్దతు ధర క్వింటాలు 1,080. కోనసీమలో 90 వేల ఎకరాలకు పైగా సార్వా ఊడ్చకుండా వదిలేశారు. ఆనకట్ట కట్టిన తర్వాత నీళ్లుండి నారు వెయ్యని ఏడాది ఎవరూ చూడలేదు. ప్రభుత్వం మోహన్ కందా గారి కమిటీ వేసింది. ఆ సెప్టెంబరులోనే ఎగుమతి నిషేధం తీశారు. మరుసటి ఏడాది మద్దతు ధర 1,250 అయ్యింది. క్వింటాలుకి 170 రూపాయలు. అంతా క్రాప్ హాలిడే వల్లే అని నేననను. దాని పాత్ర లేదని మాత్రం ఎవరూ అనలేరు.

ఇప్పుడు నా తప్పు

ఆ ఏడాది నేను ఊడ్చానండి. మా అత్తవారిది అల్లవరం వైపు. మా మామగారు, వాళ్ల ఊరు ఊరంతా చేలు బీడు పెట్టారు. ఫోను చేసి "మీ వైపు కూడా ఆపితే బాగుంటుంది అల్లుడుగారూ" అన్నారు. "చూద్దాం మావయ్యగారూ" అని, ఆ వారంలోనే నారు పీకించాను. ఆ ఏడు బస్తాలన్నీ ఇంటికొచ్చాయి. మరుసటి ఏడు పెరిగిన 170 రూపాయలు కూడా తీసుకున్నాను. వాళ్లు ఒక పంట పోగొట్టుకుని తెచ్చిన ధర, నేను ఏమీ పోగొట్టుకోకుండా తిన్నాను. మామగారు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇది నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత తెలిసింది. 1965లో మాన్‌కర్ ఆల్సన్ అనే అమెరికా ఆర్థికవేత్త దీని మీదే ఒక పుస్తకం రాశాడు. ఆయన చెప్పింది మన భాషలో చెప్పాలంటే ఇది. మురుగు కాలువ పూడిక తీస్తే నీరు అందరి చేలోనూ లాగుతుంది, పార పట్టుకుని వచ్చినవాడి చేలోనూ, రానివాడి చేలోనూ. అందుకే ప్రతివాడూ పక్కవాడు వెళ్తాడులే అనుకుంటాడు. చివరికి ఎవరూ వెళ్లరు. గుంపు ఎంత పెద్దదైతే ఈ జబ్బు అంత ఎక్కువ. మిల్లర్లు జిల్లాలో కొన్ని వందల మంది, ఒక హాల్లో కూర్చుంటే పని అయిపోతుంది. ఎగుమతిదారులు ఇంకా తక్కువ, దేశమంతటికీ సంఘం ఉంది, కేసు పడితే లాయరు సిద్ధం. మనం లక్షల మందిమి. లక్షల మంది కాబట్టే ఎవరికీ పట్టదు. ఓటు దగ్గర మన బలం ఇదే, సంఘం దగ్గర మన బలహీనతా ఇదే.

మరి అమెరికా రైతులు ఈ జబ్బుకి ఏం మందు వాడారు? చందా కట్టినవాడికి మాత్రమే దొరికేది ఏదో ఒకటి పెట్టారు. ఫార్మ్ బ్యూరోలో సభ్యుడైతే బీమా, కలిసి కొన్న సరుకు, సలహా. ఉపన్యాసం విని ఒకసారి వస్తారు, పని జరిగితే ఏటా వస్తారు.

2024-25లో మన దేశం నుంచి వెళ్లిన సముద్ర ఉత్పత్తులు 62,408 కోట్లు. అందులో ఒక్క గడ్డకట్టిన రొయ్యే 43,334 కోట్లు. ఆ రొయ్యలో పెద్ద వాటా మన ఆంధ్రా చెరువులదే. ఇంత సరుకు పండించి, ఆ పన్ను మీద వాదన జరిగే గదిలో పండించేవాడి కుర్చీ లేదు. ఎగుమతిదారుల సంఘం కూర్చుంటుంది, వాళ్లు వాళ్ల లెక్క చెబుతారు, చెప్పాలి కూడా. పన్ను పెరిగినప్పుడు ఎవరి వాటా ఎంత తగ్గాలి అన్న ప్రశ్న ఆ లెక్కలో ఉండదు. అది చివరికి గట్టు మీద, ఫోనులో, వల వాళ్లు చూస్తుండగా తేలుతుంది.

అందుకని నేను అడిగేది పెద్దదేం కాదు. మీ ఊళ్లో చెరువులున్నవాళ్లు గానీ, వరి వాళ్లు గానీ, కూర్చోండి. కులం చూడకుండా, పార్టీ చూడకుండా ఒక రిజిస్టరు తెరవండి. ఎకరానికి ఇంత అని చందా, రసీదు, ఏడాదికోసారి లెక్క చదవడం. అందులోంచి మేత కలిపి కొనండి, సీడు పరీక్ష కలిపి చేయించండి, పట్టుబడి తేదీలు ఒకరికొకరు చెప్పుకోండి. రంగా గారి కాలం వాళ్లలాగా ఖర్చు ఎంత, రాబడి ఎంత అని ప్రతి పంటకీ రాసి ఉంచండి. రేపు ఏ కమిటీ వచ్చినా ముందు అడిగేది ఆ కాగితమే. పది ఊళ్ల రిజిస్టర్లు కలిస్తే అప్పుడు గదిలో కుర్చీ అడగొచ్చు.

మొన్న మా బావమరిది, చుట్టుపక్కల గట్ల వాళ్లు కలిసి మొదటిసారి కూర్చున్నారు. నన్నూ పిలిచారు. నాకు రొయ్యల చెరువు లేదు, వెళ్లి చందా రాయించి వచ్చాను. రసీదు మీద పేరు రాస్తూ "మీకెందుకు బావా ఇది, మీది వరి కదా" అన్నాడు.

"2011 బాకీ ఒకటి ఉందిరా" అన్నాను.